లింబాయత్‌లో ఒక కరెంటు చీటీ

ఎన్నికల వార్తలు రాసేవాడికి ప్రశ్నలు వేయడమే అలవాటు. ఎదుటివారి ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడు తడబడతాం. 2024 జూన్‌లో, లోక్‌సభ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు, సూరత్‌లోని లింబాయత్‌లో ఒక ఇరుకు గదిలో కూర్చున్నప్పుడు నాకు అదే జరిగింది. అప్పుడు చెప్పలేకపోయిన సమాధానం కోసమే ఈ వ్యాసం.

నేను సూరత్ వెళ్ళిన కారణం వేరు. ఆ ఏడాది ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానం పోలింగు లేకుండానే తేలిపోయింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది, మిగిలినవారు ఉపసంహరించుకున్నారు, భాజపా అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. లక్షలాది ఓటర్లకు ఆ సార్వత్రిక ఎన్నికలో బటన్ నొక్కే అవసరమే రాలేదు. అటువంటి నగరం ఎలా ఉంటుందో చూడాలని వెళ్ళాను. నిజానికి లింబాయత్ ఆ స్థానంలో లేదు. అది నవసారి లోక్‌సభ నియోజకవర్గంలోని శాసనసభ స్థానం, అక్కడివారు మే 7న ఓటు వేశారు. ఒకే నగరంలో ఒక పక్క ఓటు ఉంది, మరో పక్క లేదు. ఈ తేడా జనం జీవితంలో ఎక్కడైనా కనిపిస్తుందా అన్నది నా ప్రశ్న.

లింబాయత్‌లో నాకు దారి చూపినవాడు మా సిరిసిల్ల ప్రాంతం మనిషి. మా తమ్ముడితో కలిసి చదువుకున్నాడు. నన్ను అన్నా అంటాడు, నేను అతణ్ణి తమ్మీ అంటాను. పద్మశాలి కుటుంబం. చేతిమగ్గం చప్పుడు తగ్గి మరమగ్గం చప్పుడు పెరిగిన కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి భివండీకి, సోలాపూర్‌కు, సూరత్‌కు వలస పోయిన వేలాది కుటుంబాలలో అతనిదీ ఒకటి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఆ వలస ఎంతటిదో పాఠకులు ఊహించవచ్చు. మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన కూలి. కూలి లెక్కా మీటర్లలోనే, ఇంటి ఖర్చులో పెద్ద పద్దూ మీటరు మీదనే అని అతను నవ్వుతూ అన్నాడు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

టీ తాగుతుండగా అతని భార్య గూట్లోంచి ఒక చీటీ తెచ్చి ఇచ్చింది. బిల్లు కాదు, నోటుబుక్కులోంచి చింపిన కాగితం. దాని మీద పాత రీడింగు, కొత్త రీడింగు, 150 యూనిట్లు, యూనిట్‌కు 10 రూపాయలు, మొత్తం 1500 అని బాల్‌పెన్‌తో రాసి ఉంది. ఇంటి యజమాని పేరు మీద ఒకటే మీటరు ఉంది. లోపల నాలుగు కుటుంబాలకు నాలుగు చిన్న మీటర్లు బిగించి నెలనెలా ఇలా చీటీలు ఇస్తాడు.

"రెండేండ్ల కింద ఏడు రూపాయలుండె, తర్వాత ఎనిమిదన్నరాయె, ఇప్పుడు పదంటున్నడు. అడిగితే సర్కారే పెంచిందంటడు. టీవీలనేమో రేటు పెంచలేదంటరు. నువ్వు పేపర్ల రాసేటోనివి గద అన్నా, దీనికి అభ్యంతరం ఎవరికి రాయాలె?"

అదీ అతని ప్రశ్న. పాతికేళ్ళుగా రాజకీయాలు రాస్తున్నాను, విద్యుత్ సంస్కరణల మీద ఎన్ని వ్యాసాలు రాశానో లెక్క లేదు. అయినా వెంటనే ఒక చిరునామా చెప్పలేకపోయాను.

యజమానిని అడిగి అసలు బిల్లు చూశాను. అతడు దాపరికం లేకుండానే చూపించాడు. అతనికీ తన గోడు ఉంది. పై స్లాబు రేటు తన మీద పడుతోందని, అద్దెవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయినప్పుడు చివరి బాకీ తానే కట్టుకోవలసి వస్తోందని చెప్పాడు. ఈ కథలో దుర్మార్గుణ్ణి వెతకడానికి తొందరపడవద్దని నాకు నేను చెప్పుకుని లెక్క వేయడం మొదలుపెట్టాను.

గుజరాత్‌లో ప్రభుత్వ రంగ పంపిణీ సంస్థల గృహ టారిఫ్ పట్టణాలలో ఇలా ఉంది. నెలకు మొదటి 50 యూనిట్లకు 3 రూపాయల 5 పైసల చొప్పున, తర్వాతి 50కి 3 రూపాయల 50 పైసలు, ఆ పై 150కి 4 రూపాయల 15 పైసలు, 250 దాటితే 5 రూపాయల 20 పైసలు. ఈ రేట్లను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది. సూరత్‌లో కొంత ప్రాంతానికి టోరెంట్ పవర్ అనే ప్రైవేటు సంస్థ, మిగిలిన ప్రాంతానికి దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీ విద్యుత్ పంపిణీ చేస్తాయి. వాటి రేట్లలో స్వల్ప తేడాలున్నా బిల్లు అల్లిక ఒకటే. కమిషన్ ఈ మూల రేట్లను పెంచలేదన్న మాట నిజం. టీవీ అబద్ధం చెప్పలేదు.

అయితే బిల్లులో ఆ వరుస కింద మరో వరుస ఉంది. ఇంధన, విద్యుత్ కొనుగోలు ధర సర్దుబాటు. బొగ్గు, గ్యాసు ధరలు, కొనుగోలు ఒప్పందాల ఖర్చు ముందుగా వేసిన అంచనా కంటే పెరిగితే ఆ తేడాను ఒక సూత్రం ప్రకారం మూడు నెలలకొకసారి వినియోగదారుడి మీద వేస్తారు. 2023 చివరికి ఇది యూనిట్‌కు 3 రూపాయల 35 పైసలకు చేరింది. 2024 మొదట్లో 50 పైసలు తగ్గి 2 రూపాయల 85 పైసలయింది. ఈ రెండింటి మొత్తం మీద పట్టణ గృహాలకు 15 శాతం విద్యుత్ సుంకం పడుతుంది.

మా తమ్మీ కుటుంబానికి సొంత మీటరు ఉందనుకుందాం. నెలకు 150 యూనిట్లకు మూల రేటు ప్రకారం 535 రూపాయలు అవుతుంది. సర్దుబాటు 427 రూపాయల 50 పైసలు. సుంకం కలిపితే, స్థిర చార్జీ వంటి చిన్న మొత్తాలను పక్కన పెడితే, 1107 రూపాయలు. పాఠకులు ఈ నిష్పత్తిని గమనించాలి. 535 రూపాయలు బహిరంగ విచారణ జరిపి నిర్ణయించిన రేటు. 427 రూపాయలు విచారణ గది దాకా రాకుండానే సూత్రం ద్వారా వచ్చి చేరిన రేటు. పెరగలేదన్నది మొదటి దాని గురించి, పెరిగింది రెండవది.

ఇక నాలుగు కుటుంబాలు ఒకే మీటరు వెనుక ఉంటే ఏమవుతుందో చూద్దాం. 600 యూనిట్లలో 350 యూనిట్లు పై స్లాబులోకి పోతాయి. మూల రేటు 2770, సర్దుబాటు 1710, సుంకం కలిపి 5152 రూపాయలు. నాలుగు వంతులు చేస్తే కుటుంబానికి 1288. అంటే సొంత మీటరు ఉన్న అదే కుటుంబం కంటే నెలకు 181 రూపాయలు, ఏడాదికి రెండు వేలకు పైగా అదనం. ఇది యజమాని దోచుకున్నది కాదు. తక్కువ వాడేవాడికి తక్కువ రేటు ఉండాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన స్లాబులు, నలుగురు పేదలు ఒకే గొడుగు కిందికి వచ్చేసరికి వారిని ఒక ధనికుడిగా లెక్కగట్టాయి. ఆపైన 1288ని 1500 చేసింది యజమాని. అది అతని వంతు.

మరి సొంత మీటరు ఎందుకు తీసుకోలేదని అడిగాను. అద్దెకున్నవాడు విడిగా కనెక్షన్ కోరితే యజమాని సమ్మతి పత్రం అడుగుతారు. యజమాని సంతకం పెట్టడు, రేపు ఇల్లు ఖాళీ చేయరేమోనని అతని భయం. తన అభ్యంతరాన్ని నమోదు చేయడానికి ముందు మా తమ్మీకి మరొకరి నుంచి 'అభ్యంతరం లేదు' అన్న కాగితం కావాలి.

ఆ 2 రూపాయల 85 పైసలు ఎక్కడి నుంచి వచ్చాయి? లింబాయత్ గదిలోని పంకా నుంచి బయలుదేరితే దారి కచ్‌లోని ముంద్రాకు, అక్కడి నుంచి సముద్రం దాటి ఇండోనేషియా బొగ్గు గనులకు పోతుంది. 2007లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ దీర్ఘకాల విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు చేసుకుంది. ముంద్రాలో టాటాల భారీ ప్రాజెక్టు సగటున యూనిట్ 2 రూపాయల 26 పైసలకు పాతికేళ్ళపాటు ఇస్తానని బిడ్ గెలిచింది. అదానీ సంస్థ కూడా ఆ కాలంలోనే పోటీ బిడ్డింగు ద్వారా ఒప్పందాలు చేసుకుంది. 2010లో ఇండోనేషియా తన బొగ్గును అంతర్జాతీయ ధరకే అమ్మాలని నిబంధన తెచ్చింది. చవక బొగ్గు మీద లెక్క వేసుకున్న బిడ్లు తలకిందులయ్యాయి. నష్టాన్ని వినియోగదారులే భరించాలని సంస్థలు కోరాయి. 2017 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. విదేశంలో బొగ్గు ధర పెరగడం ఈ ఒప్పందాల ప్రకారం మినహాయింపు ఇవ్వదగిన అనూహ్య విపత్తు కాదని తేల్చింది.

వినియోగదారుడు గెలిచాడని ఆ రోజు నేనూ రాశాను. కానీ 2018లో రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉన్నతాధికార కమిటీని వేసింది. దాని సిఫారసుల మీద ఇంధన భారాన్ని కొంతమేరకు బదిలీ చేసేలా ఒప్పందాలను సవరించే దారి తెరుచుకుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో బొగ్గు ధర ఆకాశానికి అంటినప్పుడు, దిగుమతి బొగ్గు ప్లాంట్లన్నీ పూర్తి సామర్థ్యంతో నడవాలని కేంద్రం మే 5న ఆదేశించింది. ఆ విద్యుత్తు ఖర్చు కూడా కొనుగోలు పద్దులోకే చేరింది. 2023 ఆగస్టులో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు శక్తిసింహ్ గోహిల్, బొగ్గు కొనుగోలు పత్రాలు సరిగా చూడకుండా అదానీ సంస్థకు వేల కోట్లు అదనంగా చెల్లించారని ఆరోపించారు. అవి తాత్కాలిక చెల్లింపులేనని, తర్వాత సర్దుబాటు అవుతాయని ప్రభుత్వం బదులిచ్చింది. ఎవరి మాట నిజమో తేల్చడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. ఇంత పెద్ద వాదం నడుస్తున్నా, ఆ వాదంలో తన పైసలున్నాయని లింబాయత్‌లోని వినియోగదారుడికి తెలిసే దారి లేదు. అతనికి అందేది ఒక సంఖ్య మాత్రమే, అదీ యజమాని చీటీలో కలిసిపోయిన సంఖ్య.

ఒక విషయం మాత్రం నిష్పక్షపాతంగా చెప్పాలి. గుజరాత్ పంపిణీ సంస్థలు దేశంలోనే మెరుగైనవి. కేంద్రం ఇచ్చే రేటింగులలో ఏ ప్లస్ గ్రేడు వాటికి కొత్త కాదు. 2003లో మొదలైన జ్యోతిగ్రామ్ పథకం వ్యవసాయ ఫీడర్లను విడదీసి పల్లె ఇళ్ళకు నిరంతర విద్యుత్తు ఇచ్చింది. దానిని విమర్శకులు కూడా మెచ్చుకున్నారు. లింబాయత్‌లో కరెంటు పోదు. మా తమ్మీ కూడా ఆ మాటే అన్నాడు. బొగ్గు ధర పెరిగితే ఎవరో ఒకరు కట్టాలి, కట్టకపోతే అప్పు పేరుకుంటుంది. వసూలు చేయని భారాన్ని ఏళ్ళ తరబడి దాచిపెడితే ఏమవుతుందో మన తెలుగు రాష్ట్రాల పంపిణీ సంస్థల నష్టాలు చెబుతాయి. కాబట్టి కట్టనన్నది అతని అభ్యంతరం కాదు. కట్టేముందు తన మాట ఎక్కడ వింటారన్నదే అతని అభ్యంతరం.

రాజకీయ పక్షాలు ఈ మాట విన్నాయా? విన్నాయి, కానీ తమకు కావలసిన చెవితో విన్నాయి. 2022 జూలై 16న బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ ప్రధాని మోదీ ఉచిత పథకాలను 'రేవడీ సంస్కృతి' అని ఎద్దేవా చేశారు. ఐదు రోజుల తర్వాత జూలై 21న అరవింద్ కేజ్రీవాల్ ఇదే సూరత్‌కు వచ్చి, తాము గెలిస్తే నెలకు 300 యూనిట్లు ఉచితమని మొదటి హామీ ప్రకటించారు. అంతకుముందు ఏడాది నగరపాలక ఎన్నికలలో 27 స్థానాలు గెలిచిన ఊరు గనుక ఆయన సూరత్‌ను ఎంచుకున్నారు. డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. భాజపాకు 156, ఆమ్ ఆద్మీ పార్టీకి 5. ఆ ఐదింటిలో సూరత్ లేదు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త పథకం తెచ్చింది. దాని పేరులోనే 'ముఫ్త్ బిజిలీ' ఉంది. కోటి ఇళ్ళ కప్పుల మీద సౌర పలకలు, నెలకు 300 యూనిట్ల దాకా ఉచితం, మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ. పథకం మంచిదే, గుజరాత్ అందులో ముందుంది. కానీ అంకె చూడండి, అదే 300. సూరత్‌లో రేవడీ అనిపించుకున్న అంకె ఢిల్లీలో సంస్కరణగా తిరిగి వచ్చింది. తేడా ఒక్కటే. మొదటి హామీకి మీటరు ఉంటే చాలు, రెండవదానికి కప్పు ఉండాలి. మా తమ్మీకి మీటరూ లేదు, కప్పూ లేదు. అతని పైన మరో అంతస్తు ఉంది, ఆ పైన డాబా యజమానిది. తెలంగాణలో 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు, అద్దెవారితో సహా, గృహజ్యోతి వర్తిస్తోంది. "మా అమ్మకు ఊళ్ళె సున్నా బిల్లు వస్తది, నాకు ఇక్కడ పదిహేను వందలు" అని అతను అన్నప్పుడు అందులో ఫిర్యాదు కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది.

ఉచితం గురించి ఇన్ని మాటలు మాట్లాడిన పార్టీలు రేటు ఎలా తయారవుతుందో మాత్రం మాట్లాడవు. పెంపు వచ్చినప్పుడు దానికి తల్లీ తండ్రీ ఉండరు, సూత్రమే పెంచుతుంది. తగ్గింపు వచ్చినప్పుడు మంత్రి విలేకరుల ముందుకు వచ్చి ప్రకటిస్తారు. 50 పైసల తగ్గింపు అలాగే వచ్చింది. ఆ తర్వాత 2024 డిసెంబరులో, అక్టోబరు నుంచే వర్తించేలా మరో 40 పైసల తగ్గింపూ అలాగే వచ్చింది. మా తమ్మీ చీటీ మీద ఆ రెండు తగ్గింపులూ కనిపించలేదు. యజమాని రేటు పది రూపాయల దగ్గరే ఆగి ఉంది.

నేను వెళ్ళడానికి కొద్ది వారాల ముందు, మే నెలలో, సూరత్‌లోని పిప్లోద్‌లోనూ వడోదరలోనూ జనం రోడ్డెక్కారు. ఇళ్ళకు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు బిగించడం మొదలుపెట్టారు. రీచార్జి చేసిన డబ్బు చూస్తుండగానే కరిగిపోతోందని, ఇదివరకటి బిల్లు కంటే ఎక్కువవుతోందని ఆందోళన. ప్రభుత్వం దిగివచ్చి, అనుమానం తీరేలా పాత మీటర్లను కూడా పక్కనే ఉంచి పోల్చి చూపిస్తామని చెప్పవలసి వచ్చింది. ఆ ఆందోళనలో ఏ పార్టీ జెండా ముందు లేదు, తొందరగా ఫలితం వచ్చింది. పోలింగు ముగిసిన వారాలలోనే, ఓటు వేసిన వార్డులలోనే అది జరిగింది. నా మొదటి ప్రశ్నకు అక్కడ సగం జవాబు దొరికింది. ఓటు ఉన్నా లేకపోయినా కరెంటు రేటు మీద తమకు మాట లేదని ఈ నగరంలో రెండు పక్కలా అనుకుంటున్నారు.

నాకు బషీర్‌బాగ్ గుర్తొచ్చింది. 2000 ఆగస్టు 28న, ప్రపంచ బ్యాంకు సంస్కరణల నేపథ్యంలో పెంచిన విద్యుత్ చార్జీలకు వ్యతిరేకంగా వామపక్షాలు, కాంగ్రెస్ చలో అసెంబ్లీకి పిలుపునిచ్చాయి. పోలీసు కాల్పులలో బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి, రామకృష్ణ మరణించారు. అప్పుడు నేను కొత్త విలేకరిని. ఆ సాయంత్రం రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి ఉన్న చెప్పులను ఇప్పటికీ మరచిపోలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆ ప్రభుత్వం పోయింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీద తొలి సంతకం చేశారు.

ఆ ఉద్యమం నుంచి ప్రజలు ఏమి నేర్చుకున్నారో గానీ, ప్రభుత్వాలు ఒక పాఠం బాగా నేర్చుకున్నాయి. రేటును ఒక్కసారిగా, ఒక తేదీన, ఒక పేరుతో పెంచకూడదు. పెంచితే జనం ఆ తేదీ చుట్టూ గుమిగూడతారు. అందుకే ఇప్పుడు భారం సర్దుబాటు అనే పేరుతో, నెలనెలా, పాత సంవత్సరాల బాకీగా వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌నే చూడండి. 2022లో 'బాదుడే బాదుడు' అంటూ ప్రతిపక్షంగా తిరిగిన తెలుగుదేశం అధికారంలోకి వచ్చాక, 2024 చివరలో పాత రెండేళ్ళ సర్దుబాటు కింద ఒకసారి 6 వేల కోట్లకు పైగా, మరోసారి 9 వేల కోట్లకు పైగా వసూలుకు కమిషన్ అనుమతి ఇచ్చింది. ఆ ఖర్చు జరిగిన ఏళ్ళలో అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ డిసెంబరు 27న దానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చింది. ఖర్చు చేసినవారు నిరసన తెలిపారు, నిరసన తెలిపినవారు వసూలు చేశారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే బిల్లు.

ఆ రాత్రి లింబాయత్ నుంచి బయలుదేరేముందు మా తమ్మీ ఒక మాట అన్నాడు. అది నన్ను ఇప్పటికీ వదలలేదు. "మన సిరిసిల్లల కరెంటు ఆఫీసుకు ఓట్లయితయి గదనే. మా నాయిన ఓటేసేటోడు."

నిజమే. సిరిసిల్లలో 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం పనిచేస్తోంది, అందరూ సెస్ అంటారు. వినియోగదారులే అందులో సభ్యులు. డైరెక్టర్లను వారే ఎన్నుకుంటారు. 2022 డిసెంబరులో 15 డైరెక్టరు పదవులకు ఎన్నికలు జరిగితే పార్టీలు శాసనసభ ఎన్నికలంత హోరుగా తలపడ్డాయి. సెస్‌ను ఆదర్శంగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. రాజకీయం అక్కడా ఉంది, అక్కడా రేట్లు కమిషన్ నిర్ణయించేవే. అయినా స్తంభం వంగితే, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే, బిల్లు తప్పితే వెళ్ళి నిలదీయడానికి తాను ఓటు వేసిన మనిషి ఒకడు ఉంటాడు. తండ్రికి ఆ ఊళ్ళో కరెంటు మీద ఓటు ఉండేది. కొడుకు పొట్టకూటికి వెయ్యి కిలోమీటర్ల దూరం వచ్చి, ఓటు మాట అటుంచి, బిల్లు మీద తన పేరు కూడా లేనివాడయ్యాడు. వలస అంటే మనం కూలి గురించి, ఇంటి గురించి రాస్తాం. ఇలాంటి చిన్న పౌరసత్వాలు దారిలో ఎన్ని జారిపోతాయో రాయం.

అతని ప్రశ్నకు సమాధానం వెతకడానికి నాకు నెలలు పట్టింది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థ తన టారిఫ్ దరఖాస్తును ప్రచురించాలి, దాని మీద వచ్చిన సూచనలను, అభ్యంతరాలను పరిశీలించిన తర్వాతే కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ అభ్యంతరాలు ఎవరి నుంచి? చట్టంలో ఉన్న మాట ప్రజలు. కనెక్షన్ ఉన్నవారని గానీ, బిల్లు మీద పేరున్నవారని గానీ అక్కడ రాసి లేదు. చట్టం తెరిచి ఉంచిన ఈ తలుపు గురించి అతనికే కాదు, నాకూ అంతకుముందు పట్టలేదు.

అందుకే ఈ శీతాకాలం దరఖాస్తుల మీద అభ్యంతరాలు కోరే సమయం వచ్చినప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుని ఒక ఉత్తరం తయారుచేశాం. అందులో మూడే అంశాలు. ఒకటి, ఇంధన సర్దుబాటు మూల రేటుకు దాదాపు సమానమయ్యే స్థితి వస్తే దానిని సూత్రానికి వదిలేయకుండా బహిరంగ విచారణకు తేవాలి, ఏ ప్లాంటు నుంచి ఎంతకు కొన్నారో జనానికి అర్థమయ్యే భాషలో ప్రచురించాలి. రెండు, ఒకే మీటరు వెనుక అనేక కుటుంబాలున్నచోట స్లాబులను కుటుంబాల సంఖ్యతో లెక్కించాలి, లేదా అద్దెదారుకు అద్దె పత్రం మీదనే కనెక్షన్ ఇవ్వాలి. మూడు, కమిషన్ కార్యాలయం గాంధీనగర్ గిఫ్ట్ సిటీలో ఉంది. ఒక షిఫ్టు కూలి పోగొట్టుకుని దాదాపు మూడు వందల కిలోమీటర్లు ఎవరూ రాలేరు, కాబట్టి విచారణలో ఒక రోజు సూరత్‌లో పెట్టాలి.

ఉత్తరాన్ని అక్కడి తెలుగు బడిలో చదివి పై చదువులకు వెళ్ళిన ఒక కుర్రవాడు గుజరాతీలో రాశాడు. సంతకం మాత్రం మా తమ్మీ తెలుగులోనే పెట్టాడు. పోస్టు చేసేముందు మళ్ళీ ఫోన్ చేశాడు.

"అన్నా, ఇందుల కన్స్యూమర్ నంబరు రాయాలంటున్నరు. నాకు నంబరు లేదు గద?"

కాసేపు ఆలోచించాను. యజమాని నంబరు వేస్తే అతనికి ఇబ్బంది రావచ్చు. ఖాళీ వదిలేస్తే గుమాస్తా పక్కన పడేయవచ్చు. చివరికి అతనే తేల్చాడు. ఆ చోట నంబరు బదులు ఒక వాక్యం రాయించాడు: నా పేరు మీద మీటరు లేదు, నెలకు 150 యూనిట్లు వాడుతున్నాను, డబ్బు కడుతున్నాను.